ఇప్పచెట్టు కింద దొరికిన ముక్క

విమాన ప్రమాదాల దర్యాప్తులో పనిచేశానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "బ్లాక్ బాక్స్ దొరికిందా?" పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్నాయన అడుగుతాడు. షుగర్ పరీక్షకు పోతే రక్తం తీసే అమ్మాయి సూది గుచ్చుతూ అడుగుతుంది. అది దొరికాక ఇక నీతో పనేముంది అన్నట్టుంటుంది ఆ అడగడం. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కూడా అదే అడుగుతున్నారు కాబట్టి, అసలు ఆ పెట్టే లేని ఒక బుల్లి విమానం సంగతి చెబుతాను. నా ఉద్యోగమంతటిలో నేను ఎక్కువగా రుణపడింది ఆ కేసుకే.

ముందు మా పనేమిటో ఒక మాట. తప్పు చేసినవాణ్ని పట్టుకుని శిక్ష వేయించడం మా పని కాదు, దానికి వేరేవాళ్లున్నారు. విమానం ఎందుకు పడిందో కనుక్కోవాలి, ఇంకొకటి అలా పడకుండా చూడాలి. అందుకే విమానాలు నడిపే కంపెనీలకూ, లైసెన్సులిచ్చే ఆఫీసులకూ సంబంధం లేకుండా మమ్మల్ని విడిగా ఉంచారు. కాగితం మీద విడిగానే ఉంటాం. ఫోన్లు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తుంటాయి.

అది ఎండలు ముదురుతున్న రోజులు. శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి, పక్కన గురువు లేకుండా, రెండు సీట్ల విమానంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళుతూ చర్ల అవతల అడవంచున పోడు చేనులో దిగింది. దిగింది అనడం మర్యాద కొద్దీ. పోడు చేలల్లో నరికిన చెట్ల మొదళ్లు అలాగే వదిలేస్తారు. చక్రాలు ఆ మొద్దులకు తగిలి విమానం పల్టీలు కొట్టింది. ముక్కలు చేనంతా చెదిరిపోయాయి. ఊరివాళ్లు ఆమెను బయటికి లాగి, మంచం మీద పడుకోబెట్టి, రోడ్డుదాకా మోసుకొచ్చి అంబులెన్సు ఎక్కించారు. రెండు కాళ్లూ విరిగాయి కానీ ప్రాణం దక్కింది.

మా ఆఫీసులో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. పైగా ఖమ్మంలో పుట్టినవాణ్ని. "నీ ఊరే కదా, వెళ్లిరా" అన్నారు, అదేదో పండక్కి పంపుతున్నట్టు. నాతో లోహాల పరీక్షల్లో ఆరితేరిన ఒకావిడను పంపారు. కేరళ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. విరిగిన ఇనుమును చూసి అది ఎలా విరిగిందో చెప్పగలదు కానీ, మనుషులతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. నేను వాగుడుకాయని. అందుకే మాకు కుదిరింది.

దారిలో భద్రాచలం దవాఖానాలో ఆగాం. ఆ అమ్మాయిది సత్తుపల్లి వైపు రైతు కుటుంబం. తండ్రి మంచం పక్కన నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను అడగకముందే ఆమె మొదలుపెట్టింది.

"ముందు ఊగిందండీ. మామూలు ఊగడం కాదు, ఎదురుగా ఉన్న మీటర్లలో అంకెలు కూడా కనపడలేదు. నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇంజన్ ఊడి కింద పడిపోతుందేమో అనిపించింది. అప్పుడు నేనే ఆపేశాను. ఆగిపోయిందని పడలేదండీ, నేను ఆపి దిగాను."

"మా అమ్మాయి అబద్ధం చెప్పదండీ," అన్నాడు తండ్రి. నాకు ఏ తండ్రీ వేరే మాట చెప్పలేదు.

"మా శిక్షణ కంపెనీవాళ్లు వచ్చి వెళ్లారండీ," అందామె. "ఇంజన్ బాగానే ఉంది, నువ్వే భయపడి ఆపేశావు అంటున్నారు. భయపడి ఆపేసిన పిల్లకి ఇంక ఎవరు విమానం ఇస్తారండీ? మీరైనా నమ్ముతారా?"

"నమ్మడం నా పని కాదమ్మా. కనుక్కోవడం నా పని," అన్నాను. మా మొదటి బాసు నేర్పిన మాట అది. ముందు నమ్మకు, ముందు తోసెయ్యకు అనేవాడాయన. మాట సరైనదే. కానీ ఆ అమ్మాయి ముఖం గోడవైపు తిప్పుకుంది. జీపు ఎక్కాక మా లోహాల ఆవిడ, ఆ రోజుకు తన నాలుగు మాటల్లో ఒకటి ఖర్చు పెట్టి, "మీరేమన్నారో తెలియదు కానీ, కొంచెం మెల్లగా చెప్పుండొచ్చు" అంది.

చర్ల దాటాక రోడ్డు రోడ్డులా ఉండదు. ఒక పోలీసు క్యాంపు, ఆ తర్వాత ఎర్రమట్టి, ఆ తర్వాత వట్టి దారి. ఊరు చేరేసరికి ఆ శిక్షణ కంపెనీ తరఫున వాళ్ల ముఖ్య ఇంజనీరు హైదరాబాదు నుంచి వచ్చి మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఆ దారిలో ఎలా వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. ఊరిపెద్ద వచ్చాడు. తల పూర్తిగా నెరిసినా కర్రలా నిటారుగా ఉన్నాడు. "రాండ్రి సార్, మీ సామాను మంచిగ పెట్టినం" అని బడి దగ్గరికి తీసుకెళ్లాడు.

బడి వరండాలో విమానం ఉంది. అంటే, కదలని ఇంజనూ కూర్చునే గదీ తప్ప మిగతాదంతా ఉంది. రెక్కల రేకులు, చక్రం, తలుపు, తోక, సీటు, పేరు చెప్పలేని తుక్కు. అన్నీ వాగు నీళ్లతో కడిగారు. బూడిదతో తోమారు. పెద్దవి వెనక, చిన్నవి ముందు, పెళ్లిలో పెట్టుపోతల సామాను పేర్చినట్టు పేర్చారు. నూనె మరక ఒక్కటి లేదు. మట్టి గింజ లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లకు మొదటిరోజు చెప్పే పాఠం, ముక్క ఎక్కడ పడిందో అదే సగం సాక్ష్యమని. ఏది ముందు ఊడింది, ఏది తర్వాత ఊడింది, ఎటువైపు ఎగిరింది, అన్నీ నేల చెబుతుంది. ఆ నేలను వీళ్లు ఊడ్చేశారు. చేను దగ్గర కాపలా పెట్టిన పోలీసాయన ఇంజను పక్కన కూర్చుని, అదొక్కటే విమానం అనుకుని, దానికి మాత్రం కాపలా కాశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు ముట్టుకోమన్నారు? ఏదీ ముట్టుకోవద్దు, తొక్కొద్దు అని ఎవరూ చెప్పలేదా మీకు?" అని అరిచాను. నా గొంతు పెద్దది. బడి వెనక మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూశాయి.

ఊరిపెద్ద తొణకలేదు. "ఏంది సార్, గట్ల గరమైతున్నరు? ఇప్పపువ్వు దినాలియి. చెట్ల కింద ఆకు కాలుస్తం, పువ్వు కానరావాలె గదా. ఆ నిప్పు చేనుకంటుకుంటె మీ సామానంత బుగ్గయితుండె. అందుకని ఊరంత కల్సి మోస్కొచ్చినం. పెద్దసార్లొస్తున్నరని ఆడోళ్లు కడిగి పెట్టిండ్రు."

అడవంతా అక్కడక్కడ పొగ లేస్తూనే ఉంది. ఆయన చెప్పింది నిజమే. కాపాడటానికే తెచ్చారు, గౌరవించడానికే కడిగారు. మంచితనం కూడా కేసును ముంచగలదని నాకు అప్పుడే తెలిసింది.

కంపెనీ ఇంజనీరు మాత్రం తేలికపడ్డట్టు కనిపించాడు. ఆయన చెడ్డవాడని చెప్పను. తన చేతిమీదుగా బయటికెళ్లిన విమానంలో లోపముందంటే ఏ ఇంజనీరుకైనా ముద్ద దిగదు. "సార్, పెద్దగా వెతికేదేముంది ఇందులో?" అన్నాడు. విమానం ముందుండే పంకాకు రెండు రెక్కలుంటాయి. ఇంజను దగ్గరున్న పంకాలో ఒక రెక్క చివర విరిగిపోయి ఉంది. "మొద్దుకు కొట్టుకుని విరిగింది. ఆ విరిగిన ముక్క మట్టిలో కూరుకుపోయుంటుంది. పిల్ల కంగారుపడింది, ఇంజన్ ఆపేసింది. ఇంతే కదా." ఆ విరిగిన మొదలు కూడా నేలకు రాసుకుని నున్నగా అరిగిపోయింది. మా ఆవిడ, అంటే మా లోహాల ఆవిడ, దాన్ని భూతద్దంతో చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. దీంట్లో ఏమీ చదవలేను అని.

ఆ అమ్మాయి మాట నిజమవ్వాలంటే ఆ ముక్క గాలిలో ఉండగానే విరిగి ఉండాలి. పంకా చివర విరిగితే అది ఒకవైపు బరువై ఇంజన్ను పట్టి ఊపేస్తుంది. కంపెనీ మాట నిజమైతే అది చేనులో, మొద్దు పక్కన విరిగి ఉండాలి. ముక్క వరండాలో లేదు. చేనులో వెతికించాం, అక్కడా లేదు. ఈలోపు పోలీసు క్యాంపుదాకా వెళితే ఢిల్లీ నుంచి ఫోను. అటు మాట్లాడినాయన పేరు, హోదా చెప్పను. "చిన్న విమానమే కదా, శిక్షణలో ఉన్నవాళ్లు ఇలాంటి పొరపాట్లు చేస్తూనే ఉంటారు, పెద్దది చెయ్యకు" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోటిదాకా వచ్చింది. "అలాగే సార్, చూస్తున్నాం" అన్నాను. సగం ఉద్యోగం ఆ మాటతోనే గడుస్తుంది.

ఊరిపెద్ద మాకు టీ పంపించాడు, వెనకే వచ్చాడు. నా ముఖం చూసి పక్కన కూర్చున్నాడు. "మేం తెచ్చుడు తప్పయిందా సార్?"

"తప్పు కాదు పెద్దాయనా. కానీ ఏది ఎక్కడుందో తెలియకపోతే నేనేమీ చెప్పలేను."

"గంతేనా? అయితె ఏడియాడ మళ్ల పెట్టొస్తం. తెచ్చినోళ్లకు ఎర్కుండదా?"

నాకు నవ్వొచ్చింది. కదిలించిన సాక్ష్యాన్ని తిరిగి పెట్టడం అనేది మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఉన్నా, అలా చెయ్యకూడదని ఉంటుంది. ఆయన ఏమన్నాడని మా లోహాల ఆవిడ అడిగితే నవ్వుతూనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఎందుకు కూడదు? కింద పెట్టొద్దు, పట్టుకుని నిలబడమనండి. నేలమీది గుర్తులతో మనం సరిచూసుకుందాం. సరిపోయినవే తీసుకుందాం," అంది. ఆవిడ ఒక్కసారిగా అంత మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే రమ్మన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "పొద్దుగాల పువ్వేరుడు ఉంటది సార్. పువ్వు మీకోసం ఆగదు. అయినంక వస్తం." విమానం కోసం మంత్రులు ఆగడం చూశాను. ఇప్పపువ్వు ఆగదట. సరే, మేమే ఆగాం.

మర్నాడు వాళ్లు వచ్చారు. చేతులకింకా ఇప్పపువ్వు వాసన. వరండాలో ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు, వెతుక్కోవలసిన పని లేకుండా. ఎవరు ఏది మోశారో అందరికీ అందరిదీ తెలుసు. "ఏయ్, తలుపు నాది, నువ్వు మోసింది కిటికీ" అని కేకలు. అందరూ చేనులోకి నడిచి, ముక్కలు పట్టుకుని నిలబడ్డారు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఒక బావా బావమరిది సీటు దగ్గర తగువు పడ్డారు, ఇక్కడని ఒకరు, అక్కడని ఒకరు. చేను మొత్తంలో ఉన్న ఒకే ఒక్క నీడలో నలుగురు నాలుగు ముక్కలతో ప్రత్యక్షమయ్యారు. పెద్దాయన, వాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే భాషలో ఏదో అనగానే నవ్వుతూ ఎండలోకి జరిగారు. కానీ నేను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి కాళ్ల కింద చూస్తుంటే చాలాచోట్ల గుర్తు దొరికింది. చక్రం పట్టుకున్నాయన ముందు చక్రమంత గుంట. తోక పట్టుకున్న ముసలామె పక్కన మొద్దుమీద తెల్లటి రంగు. సరిపోనివి పక్కన పెట్టాం. సరిపోయినవే ఎక్కువ.

కాసేపటికి నేను గట్టుమీదికి ఎక్కి చూశాను. చేనంతా మనుషులు. ఎక్కడ మొదట తగిలిందో, ఎక్కడ పల్టీ కొట్టిందో, రెక్క ఎటు ఎగిరిందో, అంతా మనుషుల రూపంలో నా ముందుంది. మండే ఎండలో, ఎవరిదో ఏ ఊరిదో తెలియని ఒక పిల్ల కోసం, అడిగిందే చాలని నిలబడ్డారు. నా కళ్లు చెమర్చాయి. ఎండ వల్ల అని మా లోహాల ఆవిడతో చెప్పాను, నమ్మినట్టు లేదు.

అప్పుడు వచ్చిందామె. నడివయసు మనిషి, చంకలో తువ్వాలు చుట్టిన మూట. ఊరివైపు నుంచి వచ్చి చేనులోకి దిగింది. అందరిలాగే ఎక్కడో ఒకచోట ఆగుతుందని చూస్తున్నాను. ఆగలేదు. తోక దాటింది, రెక్క దాటింది, చక్రం దాటింది. చేను చివర గట్టు ఎక్కి, ఎండిన వాగులోకి దిగిపోయింది.

"ఎటు వోతున్నవే?" అని ఎవరో అరిచారు. ఆమె వెనక్కి తిరగలేదు. కొందరు నవ్వారు. కంపెనీ ఇంజనీరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆమె వెళుతున్నది విమానం వచ్చిన దిక్కుకి.

వెనకాలే పరుగులాంటి నడక పెట్టాను. నా వెనక మా లోహాల ఆవిడ, ఇంజనీరు, పెద్దాయన, ఆ వెనక సగం ఊరు. వాగు దాటాం, గుట్ట పక్కనుంచి పోయాం. నా మోకాళ్లు నన్ను తిట్టుకుంటున్నాయి. చివరికి ఒక పెద్ద ఇప్పచెట్టు. కింద ఆకులు కాల్చి, ఊడ్చి, నేల నల్లగా శుభ్రంగా ఉంది. ఆలస్యంగా రాలిన నాలుగు పువ్వులు పడున్నాయి. ఆమె మొదలుకు కొంచెం పక్కగా నిలబడింది.

"గిక్కడ," అంది. నేను ముందుకు అడుగేశాను. "సార్, పువ్వు తొక్కకు!" అని కసిరింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

తువ్వాలు విప్పింది. జానెడుకు ఎక్కువ, మూరెడుకు తక్కువ ఉన్న అల్యూమినియం ముక్క. పంకా రెక్క చివర. ఎవరూ తోమలేదు, కడగలేదు. విరిగిన అంచు విరిగినట్టే ఉంది.

"ఇది బడికాడికి ఎందుకు తేలేదమ్మా?"

"చేన్ల దొరికినయి తెమ్మని చాటింపేసిండ్రు. ఇది చేన్లది కాదు గదా. మా చెట్టు కిందిది."

"విమానం పడటం చూశావా?"

"లే. సంతకు వోయిన. నేనేం జూడలే. తెల్లారి పువ్వుకొస్తె గిక్కడ బూడిదల మెరిసింది. ఎండవోసిన పువ్వు మీద గుడ్డ కప్పి, గాలికి లేవకుంట దీన్ని పెట్టిన. ఇయ్యాల దొరికినకాడ నిలవడాలె అన్నరని తెచ్చిన."

ఏమీ చూడలేదు కాబట్టి సాక్షుల్లో ఆమెను ఎవరూ పిలవలేదు. చూశామన్న వాళ్లందరినీ నేను కూర్చోబెట్టి అడిగాను. వాళ్లలో సగం మంది విమానం మంటల్లో పడిందన్నారు. అసలు మంటే లేదు.

ఇంజనీరు ఊపిరి కూడదీసుకుంటున్నాడు. "సార్, ఈమె చేనులో ఏరుకొని ఉంటుంది. ఇప్పుడు చెట్టు కింద దొరికిందంటోంది. దీనికి ఆధారమేముంది?" అన్నాడు.

నాకంటే ముందే పెద్దాయన అందుకున్నాడు. ఆయన గొంతు పెంచడం నేనదొక్కసారే విన్నాను. "ఏం మాటది సార్? ఈ అడివిల ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది. తాతలనాటి నుంచి గిట్లనే. ఒకల చెట్టు కింద పడ్డ పువ్వు ఇంకొకలు ముట్టరు, ఎండి మట్టైనా ముట్టరు. ఆ చేను ఈమెది కాదు. అండ్ల దొరికింది ఇంట్ల పెట్టుకుంటె ఈమె ఈ ఊర్ల ఎట్ల తలెత్తుకుంటది? ఈ చెట్టు ఈమె అత్తగారి చెట్టు. దీని కింద ఈమె తప్ప ఇంకెవలు వంగరు."

మాకు కట్టుబాటు మీద గౌరవం ఉన్నా, రిపోర్టులో రాయడానికి అది చాలదు. మా లోహాల ఆవిడకు ఈ గొడవేమీ పట్టలేదు. ఆవిడ తలెత్తి చెట్టువైపు చూస్తోంది. పైన ఒక కొమ్మ విరిగి వేలాడుతోంది. చెట్టంతా పచ్చి మొగ్గలుంటే ఆ కొమ్మ ఒక్కటీ ఎండిపోయి ఉంది. ఊరివాళ్లలో ఒకాయన ఎక్కి చూసి, కొమ్మ గొడ్డలితో నరికినట్టు తెగిందనీ, తెగినచోట వెండిలాంటిది అంటుకుందనీ పైనుంచే అరిచాడు. ఆ మెరుపును జాగ్రత్తగా గీకి తీసుకొచ్చాం.

తర్వాత ఆవిడ బూడిద నేలమీద, పువ్వులు తొక్కకుండా మోకాళ్లమీద కూర్చుని, ముక్క అంచును భూతద్దం కింద పెట్టింది. అందరం గుండ్రంగా నిలబడ్డాం. చాలాసేపు చూసింది. "ఇది దెబ్బకు విరిగింది కాదు," అంది. "ఇక్కడ చిన్న గాటు, చాలా పాతది. అక్కడినుంచి పగులు కొంచెం కొంచెంగా పాకింది. గీతలు చూడండి, అలలు వచ్చిపోయిన ఇసుకలాగా. ఎన్నో ప్రయాణాల పాటు పాకింది. చివరికి గాలిలో తెగింది."

భూతద్దాన్ని ఇంజనీరుకు ఇచ్చింది. ఆయన ఇస్త్రీ ప్యాంటుతోనే బూడిదలో మోకరిల్లాడు. చూసి, మోకాళ్ల బూడిద దులుపుకోకుండానే లేచాడు. "సార్, ఇదే రకం పంకాలు మా విమానాలన్నిటికీ ఉన్నాయి," అన్నాడు. "ఇప్పుడు, ఈ నిమిషంలో, పిల్లలు వాటిల్లో ఎగురుతున్నారు."

ఫోనుకు అక్కడ సిగ్నల్ లేదు. పోలీసు క్యాంపు దగ్గరే దొరుకుతుంది. ఆయన వెంటనే బయల్దేరాడు. వాగులోకి దిగి, గట్టెక్కి, చేను అడ్డంగా, ఇంకా ముక్కలు పట్టుకుని నిలబడ్డ మనుషుల మధ్యనుంచి పరుగెత్తాడు. యజమానిని అడగలేదు, అనుమతి కోసం ఆగలేదు. అన్ని విమానాలూ కిందికి దించమని తన పేరుమీద ఆర్డరు ఇచ్చాడు. కొన్ని రోజులకు, నిలబెట్టిన వాటిలో ఒక విమానం పంకాకు అచ్చంగా అదే చోట పగులు మొదలై ఉందని తేలింది. ఆ సంగతి మా లోహాల ఆవిడ ఫోనులో చెప్పినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియకుండానే. మనుషుల మీద కోపం తెచ్చుకోవడంలో తొందరపడొద్దని మీకు చెబుతున్నది ఆ ఇంజనీరును తలుచుకునే.

ఆ ముక్కను సంచిలో పెట్టి సీలు వేస్తుంటే దాన్ని తెచ్చినామె నా పక్కనే నిలబడి చూసింది. "మంచి బరువు సార్ అది. మళ్ల ఎప్పుడు తెచ్చిస్తవ్?"

"చూద్దామమ్మా," అన్నాను, ప్రభుత్వం తరఫున. పరీక్షలో దాన్ని సన్నగా కోసేశారు. ముక్కలు ఇప్పటికీ ఏదో బీరువాలో ఉంటాయి.

తిరుగు దారిలో మళ్లీ భద్రాచలంలో ఆగాం. రిపోర్టు బయటికి రాకముందు ఎవరికీ ఏమీ చెప్పకూడదు. నేనేమీ చెప్పలేదు. మంచం దగ్గర నిలబడి, "ఆ ఊగడం గురించి ఇంకోసారి చెప్పమ్మా, మొదటినుంచీ," అన్నాను, ఈసారి మెల్లగా. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసింది. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చేసింది. తండ్రి అప్పుడు కూర్చున్నాడు.

మా రిపోర్టుల్లో ఎవరి పేరూ ఉండదు. నడిపినవాళ్లదీ ఉండదు, చూసినవాళ్లదీ ఉండదు. అది మంచి నియమమే. నిందకు పేరు లేకుండా పోతుంది. కృతజ్ఞతకు కూడా పేరు లేకుండా పోతుందన్నదే దాంతో వచ్చిన చిక్కు. ఇప్పచెట్టు సంగతంతా కలిపి రిపోర్టులో ఒక్క వాక్యం: "ఈ భాగాన్ని స్థానిక నివాసి ఒకరు గుర్తించి అప్పగించారు." రిపోర్టు వచ్చిన వారంలో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆ స్థానిక నివాసి ఎవరండీ?" ఉద్యోగంలో ఉన్నంతకాలం చెప్పలేనన్నాను. "అయితే మీ రిటైర్మెంట్ ఎప్పుడండీ?" అంది. ఆ ప్రశ్న అంత ప్రేమగా నన్ను ఇంకెవరూ అడగలేదు.

రిటైరయ్యాక, ఇప్పపువ్వు రాలే రోజులు చూసి, పెద్దాయనకు కబురు పెట్టి ఆ అమ్మాయీ నేనూ వెళ్లాం. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద విమానంలో కుడివైపు సీట్లో, కో-పైలట్‌గా కూర్చుంటోంది. కాలు కొంచెం ఈడుస్తుంది, తెలియనివాళ్లు గమనించరు. పొద్దున్నే చెట్టు దగ్గరికి పోయేసరికి ఆ ముక్క ఇచ్చినామె గంప పక్కన పెట్టుకుని ఏరుతోంది. నేలంతా లేత పసుపు పువ్వులు.

నడుము పట్టుకుని లేచింది. నన్ను గుర్తుపట్టి, "నా బరువేది సార్?" అంది. కోసేశారని చెప్పాను. "అయ్యో, కోసిండ్రా! మంచిగుండె." తర్వాత ఆ అమ్మాయిని కింది నుంచి పైదాకా చూసింది. "గీ పిల్లేనా పడ్డది?"

"నేనేనమ్మా," అంది ఆ అమ్మాయి. దారి పొడుగునా ఏం మాట్లాడాలో నాకు అప్పజెప్పుతూ వచ్చిన పిల్ల, అదంతా వదిలేసింది. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది. ఆమె రెండు చేతులా పట్టి లేపింది.

"మా చెట్టు కింద పడ్డది మాదే బిడ్డా. దాన్ని సార్ తీస్కపోయిండు, మళ్ల ఇయ్యలే. దాని వెనక నువ్వొచ్చినవ్. ఇగ నువ్వు మా ఇంటిదానివే," అని గంప ఆమె చేతిలో పెట్టింది. "నిలవడి ఏం జూస్తవ్? ఏరు. ఎండెక్కితె వాడిపోతది."

ఆ అమ్మాయి చెప్పులు దూరంగా విడిచి, కుంటి కాలు జాగ్రత్తగా చాపి కూర్చుని, కన్నీళ్లు తుడుచుకోకుండానే ఏరడం మొదలుపెట్టింది. నేనూ చెప్పులు విడిచి ముందుకు అడుగేశాను.

"నువ్వు ఆడనే ఉండు సార్," అందామె. "నువ్వు తొక్కుతవ్."